థర్మామీటర్ 34 చూపిస్తోంది, కోడిపిల్లలు మాత్రం మూలకు చేరి అరుస్తున్నాయి

తొలిపెట్ట | మొదటి రోజు, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇంక్యుబేటర్ వాడటం ఇదే మొదటిసారి. 30 కోడిగుడ్లు పెడితే 21వ రోజుకి 23 పిల్లలయ్యాయి. తడి ఆరి, నూగు విచ్చుకున్నాక మధ్యాహ్నం అట్టపెట్టెలోకి మార్చాను. అడుగున న్యూస్‌పేపర్ వేసి, పెట్టె మధ్యలో బల్బు వేలాడదీశాను. థర్మామీటర్ 34 డిగ్రీలు చూపిస్తోంది. నేను చదివినదాని ప్రకారం మొదటి వారం 32 నుంచి 35 ఉండాలి కాబట్టి సరిగ్గానే ఉంది అనుకున్నాను.

కానీ సాయంత్రం నుంచి అన్నీ ఒకే మూలకు చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒకటే అరుపు. నేను విడదీస్తాను, రెండు నిమిషాల్లో మళ్ళీ అదే గుట్ట. అడుగున పడి ఒకటి చనిపోయింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏదైనా జబ్బా?

ఊకసంచి | మొదటి రోజు, రాత్రి 10:52

జబ్బు కాదు, చలి. మూడు సంగతులు వెంటనే చెప్పండి. బల్బు ఏ రకం, ఎన్ని వాట్లు, థర్మామీటర్ ఎక్కడ కట్టారు?

తొలిపెట్ట | మొదటి రోజు, రాత్రి 10:55

ఎల్‌ఈడీ, 9 వాట్లు. బాగా వెలుతురు వస్తోంది. థర్మామీటర్‌ని పిల్లలు తొక్కకుండా బల్బు హోల్డర్‌కే కట్టాను.

ఊకసంచి | మొదటి రోజు, రాత్రి 11:03

దొరికింది. మీ థర్మామీటర్ బల్బు మెడ వేడిని చూపిస్తోంది. ఎల్‌ఈడీ బల్బుకి మెడ దగ్గర మాత్రమే కాస్త వెచ్చబడుతుంది, కిందికి వచ్చేది వెలుతురే. అదే కరెంటు ఎక్కువ తిని కొంచెమే వెలుతురిచ్చే పాత ఫిలమెంట్ బల్బు అయితే, తిన్నదంతా దాదాపు వేడిగా మారుస్తుంది. ఇంటి దీపంగా అది దండగ బల్బు. కోడిపిల్లలకి అదే కావాలి.

ఈ రాత్రికి ఇలా చేయండి. ఇంక్యుబేటర్ ఇంకా తీసేయకపోతే, బాగా వాలిపోయిన వాటిని ఒక గంట అందులో పెట్టండి. మిగతా వాటికి సీసాల్లో వేడినీళ్ళు పోసి, మూతలు బిగించి, గుడ్డ చుట్టి పెట్టెలో ఒక వైపు పడుకోబెట్టండి. చేత్తో పట్టుకుంటే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. చల్లారగానే మార్చాలి కాబట్టి నిద్ర మీద ఆశ వదులుకోండి. పెట్టె మీద సగం వరకే దుప్పటి కప్పండి, మొత్తం మూసేస్తే గాలి ఆడదు. థర్మామీటర్‌ని విప్పి, పిల్ల వీపు ఎత్తులో, అంటే నేల నుంచి ఓ 5 సెంటీమీటర్ల పైన ఉండేలా పెట్టండి. అప్పుడు అసలు అంకె తెలుస్తుంది.

తొలిపెట్ట | మొదటి రోజు, రాత్రి 11:31

పెట్టాను. 24 చూపిస్తోంది!! పాపం ఇంతసేపూ ఇందులోనా ఉన్నాయి.

పెట్టే_మేలు | మొదటి రోజు, రాత్రి 11:48

అందుకే నేను బల్బుల జోలికి పోను. పొదుగుకు కూర్చున్న పెట్ట రెక్క కింద థర్మామీటర్ అవసరం లేదు, కరెంటు పోయేది లేదు, ఫ్యూజు కొట్టేసేది లేదు. చలేస్తే పిల్ల లోపలికి దూరుతుంది, ఉక్కపోస్తే తల బయట పెడుతుంది. మనం యంత్రాలతో చేసేదంతా దానికి నకలే.

ఊకసంచి | మొదటి రోజు, రాత్రి 11:50

అన్నా, రాత్రి పన్నెండింటికి ఆయన పొదుగుకోడిని ఎక్కడి నుంచి తెస్తారు? వాదన రేపు పెట్టుకుందాం.

మందులపెట్టె | రెండో రోజు, ఉదయం 6:15

పశువైద్యం చదువుకున్నదాన్ని కాబట్టి కారణం చెప్తాను, తెలిస్తే తర్వాత మీరే సర్దుకోగలుగుతారు.

అప్పుడే పుట్టిన కోడిపిల్లకి తన ఒంటి వేడిని తానే నిలబెట్టుకునే శక్తి ఇంకా రాదు. పెద్ద కోడి ఒళ్ళు 41 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంటుంది. పిల్ల ఒళ్ళు మొదటి వారం పది రోజులు చుట్టూ ఉన్న గాలిని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఒంటి మీద ఉన్నది నూగు మాత్రమే, ఈకలు కావు. ఆ నూగు పొడిగా, పొంగి ఉంటేనే ఎంతో కొంత వేడిని ఆపుతుంది, తడిస్తే అదీ లేదు.

చలి వేసిన పిల్ల మేత దగ్గరికి, నీళ్ళ దగ్గరికి పోదు, గుంపులో దూరి కూర్చుంటుంది. పొట్టలో పచ్చసొన మిగిలి ఉంటుంది కనుక రెండు మూడు రోజులు ఏమీ తినకపోయినా బతికే ఉంటుంది. మనం బాగానే ఉంది అనుకుంటాం. ఆ సొన అయిపోయాక, నాలుగో రోజునో ఐదో రోజునో చనిపోతుంది. అప్పుడు మేతలో లోపం అనుకుంటారు, నీళ్ళలో లోపం అనుకుంటారు. తప్పు మొదటి రాత్రే జరిగి ఉంటుంది.

తొలిపెట్ట గారూ, ఇప్పుడు ఒక్కో పిల్లని తీసి దాని పాదాలు మీ చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే నేల చల్లగా ఉందన్నమాట, పైనున్న గాలి వెచ్చగా ఉన్నా సరే. గొంతు కింద మేత సంచి కూడా తడిమి చూడండి. మెత్తగా, నిండుగా ఉంటే తిని నీళ్ళు తాగింది. గట్టిగా ఉంటే తిన్నది కానీ నీళ్ళు తాగలేదు. ఖాళీగా ఉన్నవాటిని పక్కన పెట్టి, ముక్కు కొసని గోరువెచ్చని నీళ్ళలో ఒకసారి ముంచండి. ముక్కు రంధ్రాలు మునగకూడదు.

తొలిపెట్ట | రెండో రోజు, ఉదయం 9:20

రాత్రంతా సీసాలు మార్చాను. తెల్లవారుజామున ఇంకొకటి పోయింది. 21 ఉన్నాయి. ఆరు పిల్లలకి మేత సంచి ఖాళీ. ముక్కు ముంచితే నాలుగు వెంటనే తాగాయి.

పాత టేబుల్ ల్యాంపులో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు దొరికింది. పెట్టాను. ఇప్పుడు హాయిగా ఉంటాయి.

తొలిపెట్ట | రెండో రోజు, మధ్యాహ్నం 1:05

హాయిగా లేవు. ఇప్పుడు గోడలకి అతుక్కుపోయి, రెక్కలు వాల్చేసి, ముక్కు తెరుచుకుని రొప్పుతున్నాయి. థర్మామీటర్ 39. నిన్న చలితో చంపాను, ఇవాళ ఎండబెట్టి చంపేలా ఉన్నాను.

రెక్కలొచ్చాక | రెండో రోజు, మధ్యాహ్నం 1:12

ముందు బల్బు పైకి లాగండి!

ఊకసంచి | రెండో రోజు, మధ్యాహ్నం 1:40

వేడి ఎక్కువైతే చలి కంటే త్వరగా ప్రాణం మీదికి వస్తుంది. చలేస్తే ఒకదానికొకటి ఆనుకుని కాస్తయినా ఓర్చుకుంటాయి. వేడి నుంచి పారిపోవడానికి చోటు లేకపోతే ఒంట్లో నీరు ఆవిరైపోయి పడిపోతాయి. నీళ్ళు పక్కనే ఉన్నాయా చూడండి.

మీ అసలు సమస్య వాట్లు కాదు, పెట్టె. రెండడుగుల పెట్టెలో బల్బు మధ్యలో పెడితే అంతా ఒకే వేడి. పిల్లకి నచ్చినా నచ్చకపోయినా అందులోనే ఉండాలి. కొంచెం ఓపిగ్గా చదవండి, నేను ఎన్నో పిల్లల్ని పోగొట్టుకుని నేర్చుకున్నది ఇదే.

బ్రూడర్‌లో, అంటే పిల్లల్ని వెచ్చగా పెంచే చోట, ఒకచోట వేడి, ఒకచోట చల్లదనం ఉండాలి. వేడి చోట 33, 34 ఉంటే, అటు చివర 25, 26 ఉన్నా ఫర్వాలేదు. పిల్లకి చలేస్తే దీపం కిందికి వస్తుంది, తిని తిరగాలనిపిస్తే బయటికి పోతుంది. పెట్టె చాలకపోతే అట్టలు కోసి, ఒకదానికొకటి అతికించి, గది నేల మీద గుండ్రంగా కంచె కట్టండి. ఎత్తు 45 సెంటీమీటర్లు చాలు. గుండ్రంగానే కట్టాలి. మూల కనిపిస్తే పిల్లలు అందులోకి చేరతాయి, వెనక నుంచి తోసుకొస్తాయి, ముందున్నది ఊపిరాడక పోతుంది. నిన్న మీ పెట్టెలో జరిగింది అదే. 21 పిల్లలకి మీటరున్నర వ్యాసం ఉంటే ఇప్పటికి దర్జాగా సరిపోతుంది, పెరిగేకొద్దీ కంచె జరుపుతూ పోవచ్చు.

దీపం మధ్యలో కాకుండా ఒక వైపుకి వేలాడదీయండి. మేత, నీళ్ళు దీపానికి సరిగ్గా కింద పెట్టకండి, వేడి చోటుకి అంచున పెట్టండి. బల్బుల విషయంలో పిల్లకి రెండు వాట్ల చొప్పున లెక్క వేస్తారు. గది వెచ్చగా ఉంటే అంత కూడా అక్కర్లేదు. మీకు ఒక 100 బదులు రెండు 40లు మేలు. ఒకటి మాడిపోయినా రెండోది వెలుగుతూ ఉంటుంది. ఒక్క బల్బు మీద ఇరవై ప్రాణాలు పెట్టి పడుకోవడం నాకు చేతకాదు.

ఇక థర్మామీటర్. ఉంచండి, కానీ పిల్లలు చెప్పేదే చివరి మాట. దీపం కింద గుట్టగా చేరి గట్టిగా అరిస్తే చలి. దీపానికి దూరంగా అంచుల వెంట రొప్పుతూ ఉంటే వేడి. అన్నీ ఒకే పక్కకి జరిగి కూర్చుంటే ఎటునుంచో గాలి కొడుతోంది. అక్కడక్కడా చెదిరి, కొన్ని తింటూ, కొన్ని కాళ్ళు చాపి పడుకుని, సన్నగా కిచకిచమంటూ ఉంటే దేన్నీ ముట్టుకోకండి. కాళ్ళు చాపి పడుకుంటే మొదటిసారి చూసేవాళ్ళకి చచ్చిపోయిందేమో అని గుండె ఆగినంత పనవుతుంది, భయపడకండి.

రెక్కలొచ్చాక | రెండో రోజు, మధ్యాహ్నం 2:10

న్యూస్‌పేపర్ కూడా తీసేయండి. నున్నగా ఉంటుంది, కాళ్ళు జారి రెండు పక్కలకీ చీలినట్టు అయిపోతాయి. ఊక గానీ, రంపపు పొట్టు గానీ ఓ 5 సెంటీమీటర్ల మందం వేయండి. మొదటి రెండు మూడు రోజులు పొట్టునే మేత అనుకుని తింటాయి కనుక దాని మీద గరుకు కాగితం గానీ గుడ్డ గానీ పరిచి, కాస్త మేత దాని మీదే చల్లండి. తర్వాత తీసేయొచ్చు. మరీ సన్నటి రంపపు పొడి మాత్రం వద్దు, ముక్కుల్లోకి పోతుంది.

తొలిపెట్ట | రెండో రోజు, రాత్రి 9:30

కంచె కట్టాను. రెండు 40 వాట్ల బల్బులు ఒక పక్కకి. ఓ గంట అటూ ఇటూ పరుగులు తీశాయి. ఇప్పుడు దీపం చుట్టూ ఉంగరంలా పడుకున్నాయి, మధ్యలో ఖాళీ. ఇది మంచిదేనా?

ఊకసంచి | రెండో రోజు, రాత్రి 9:41

మధ్యలో ఖాళీ అంటే నడిమధ్య కొంచెం వేడి ఎక్కువ. నాలుగు వేళ్ళు పైకి లాగి పడుకోండి.

పాతకుంపటి | మూడో రోజు, ఉదయం 7:45

ఇన్ని తిప్పలెందుకు? మేం బొగ్గుల కుంపటి రాజేసి, పైన బూడిద కప్పి, రేకు మూసి గది మధ్యలో పెట్టేవాళ్ళం. రాత్రంతా ఒకే సెగ. వందల పిల్లలు పెరిగాయి. కరెంటుతో పని లేదు.

మందులపెట్టె | మూడో రోజు, ఉదయం 8:30

కుంపటితో పెంచినవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ కొత్తవాళ్ళకి చెప్పేటప్పుడు దాని రెండో సగం కూడా చెప్పాలి. నిప్పు సరిగా గాలి అందక రగులుతుంటే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్ళు మండవు. మూసిన గదిలో పిల్లలు మగతగా పడుకున్నట్టు పడుకుని అలాగే పోతాయి. అదే గదిలో మనిషి పడుకుంటే మనిషికీ అంతే. వెచ్చదనం పోతుందని కిటికీలు బిగించేసే చోట కుంపటి పెట్టడమంత ప్రమాదం లేదు.

పాతకుంపటి | మూడో రోజు, ఉదయం 8:52

మేం కప్పు కింద సందులు తెరిచే ఉంచేవాళ్ళం. కానీ నిజమే, అది రాయకుండా వదిలేశాను. కొత్తవాళ్ళు బల్బే పెట్టుకోండి.

ఒంటిరెక్క | మూడో రోజు, ఉదయం 10:20

బల్బుకీ ఒక మాట. నేను దీపాన్ని దాని వైరుకే ముడేసి వేలాడదీశాను. రాత్రి ముడి జారి, దీపం పొట్టులో పడింది. పొగ వాసనకి మెలకువ వచ్చింది కాబట్టి షెడ్డు మిగిలింది, 14 పిల్లలు మిగల్లేదు. అప్పటి నుంచి గొలుసుతో ఒకటి, తీగతో ఇంకొకటి, రెండు కట్లు కడతాను. బల్బు చుట్టూ జాలీ తొడుగు పెడతాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఆ వాసన వస్తున్నట్టే ఉంటుంది.

ఇంకొకటి. 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ ల్యాంపులు కొనేవాళ్ళు, పగలకుండా టెఫ్లాన్ పూత పూసినవి కొనకండి. ఆ పూత వేడెక్కితే వచ్చే ఆవిరి పక్షుల ఊపిరితిత్తులకి విషం. ఆ ల్యాంపు 20 పిల్లలకి అక్కర్లేదు కూడా, వందదాకా ఉంటే అప్పుడు ఆలోచించండి. నేల నుంచి కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తున కట్టాలి.

రెక్కలొచ్చాక | మూడో రోజు, ఉదయం 11:00

నేను ఈ భయంతోనే హీటింగ్ ప్లేటుకి మారాను. నాలుగు కాళ్ళ బల్లలా ఉంటుంది, పిల్లలు కిందికి దూరి వీపు ఆనించి పడుకుంటాయి, అచ్చం పెట్ట కింద దూరినట్టే. కరెంటు చాలా తక్కువ. రాత్రి చీకటిగా ఉంటుంది కాబట్టి నిద్రపోతాయి. దాని కింద థర్మామీటర్ పెట్టి 34 రాలేదని కంగారు పడకండి, అది గాలిని వేడి చేయదు, తగిలిన వీపుని వేడి చేస్తుంది. గది మరీ చల్లగా ఉంటే మాత్రం ప్లేటు ఒక్కటే చాలదు.

తొలిపెట్ట | నాలుగో రోజు, ఉదయం 7:10

అన్నీ తిరుగుతున్నాయి. కానీ మూడింటికి వెనక రెట్ట ఎండి అంటుకుపోయింది, ముద్దలా. ఒకటి ముక్కుతుంటే చూడలేకపోతున్నాను.

మందులపెట్టె | నాలుగో రోజు, ఉదయం 7:35

ద్వారం మూసుకుపోతే చనిపోతాయి, కాబట్టి వదిలేయకండి. లాగి పీకకండి, చర్మం ఊడి వస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి, మెత్తబడేదాకా అద్ది, నెమ్మదిగా తుడిచేయండి. పూర్తిగా ఆరాకే గుంపులోకి వదలండి, తడి పిల్ల మళ్ళీ చలికి దొరుకుతుంది. బొడ్డుని చూసి అదీ రెట్ట అనుకుని గిల్లకండి, అది ఇంకాస్త ముందుకి, పొట్ట వైపు ఉంటుంది.

మొదటి రోజు చలి, రెండో రోజు వేడి తగిలాయి కదా, ఇది దాని ఫలితమే అయ్యుంటుంది. వేడి నిలకడగా ఉంటే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, మిగతావి కూడా మొదలెడితే, దగ్గర్లో డాక్టరుకి చూపించండి.

తొలిపెట్ట | ఐదో రోజు, రాత్రి 8:15

రెట్ట సమస్య రెండింటికి పోయింది. ఇవాళ సాయంత్రం నుంచి అన్నీ కంచెకి ఎడమ పక్కనే కూర్చున్నాయి. వేడి సరిపోయింది. గాలి అని ఊకసంచి గారు రాసింది గుర్తొచ్చి, నేల మీద పడుకుని చూశాను. తలుపు కింద సందులోంచి చల్లగాలి సూటిగా వస్తోంది! నిలబడితే తెలియనే తెలియదు. గుడ్డ కుక్కాను, పది నిమిషాల్లో సర్దుకున్నాయి.

ఊకసంచి | ఐదో రోజు, రాత్రి 8:40

ఇక మీకు నా అవసరం లేదు. కింద గాలి ఆపండి, పైన గాలి మాత్రం ఆడనివ్వండి. గదిలోకి వెళ్ళగానే ముక్కులో ఘాటు తగిలితే అమ్మోనియా పేరుకుందని అర్థం. మన ముక్కు ఎత్తులోనే తెలుస్తోందంటే వాటి ఎత్తులో ఇంకా ఎక్కువ. తడిసిన పొట్టు ఏ రోజుకారోజు తీసేయండి.

తొలిపెట్ట | ఎనిమిదో రోజు, సాయంత్రం 6:00

నిన్న రాత్రి మూడు గంటలు కరెంటు లేదు. సీసాలు సిద్ధంగా పెట్టుకున్నాను కాబట్టి బతికాం. ఇప్పుడు వేడి తగ్గించాలా? వారానికి ఎంత?

రెక్కలొచ్చాక | ఎనిమిదో రోజు, సాయంత్రం 6:25

వారానికి 3 డిగ్రీల చొప్పున. రెండో వారం 30 దగ్గర, మూడో వారం 27 దగ్గర, అలా 21 వచ్చేదాకా. ఎక్కువమంది బల్బు మార్చేస్తారు, అక్కర్లేదు, గొలుసు పైకి లాగితే చాలు. ఒకేసారి కాకుండా రెండు మూడు రోజులకోసారి కొంచెం. కరెంటు పోతే కంచె మీద కప్పిన పల్చటి దుప్పటి చాలాసేపు కాపాడుతుంది, ఒకదాని వేడి ఇంకొకదానికి. ఈ వయసులో పగలు ఎండపూట దీపం ఆపి చూడండి, ఎలా ఉంటాయో అవే చెప్తాయి.

పెట్టే_మేలు | ఎనిమిదో రోజు, రాత్రి 9:10

ఇప్పుడు వాదన పెట్టుకోవచ్చా? 😀 నాకు పొదుగుకోడి ఉంది, పక్కింటివాళ్ళ బ్రూడర్ పిల్లల్ని ఎన్నిసార్లు దాని కింద సర్దానో. షరతులు రెండు. పిల్లలు పుట్టి రెండు మూడు రోజులు దాటకూడదు, దాటితే అవీ పెట్టని నమ్మవు, పెట్టా వాటిని పొడుస్తుంది. చీకట్లో, చప్పుడు లేకుండా, ఒక్కోదాన్ని రెక్క కిందికి తోయాలి. తెల్లారేసరికి తన పిల్లలే అనుకుంటుంది. అన్ని పెట్టలూ అనుకోవు, కొన్ని తల పగలగొడతాయి, కాబట్టి పొద్దున మీరక్కడే ఉండాలి. దాని ఒంటికి పేలు లేకుండా ముందే చూసుకోవాలి.

ఊకసంచి | ఎనిమిదో రోజు, రాత్రి 9:30

ఒప్పుకుంటున్నా. ఇరవై ఒక్క పిల్లలు మాత్రం ఒక పెట్ట కింద పట్టవు, అంచున మిగిలినవి రాత్రంతా బయటే. పదీ పన్నెండుకి పెట్ట, మిగిలినవాటికి బల్బు. ఇక్కడితో రాజీ.

తొలిపెట్ట | 24వ రోజు, ఉదయం 6:50

మూడు వారాలు దాటింది. రెక్కలకీ తోకకీ ఈకలు వచ్చాయి, వీపు మీద ఇంకా నూగే, చూడటానికి చింపిరిగా ఉన్నాయి. కంచె ఎక్కి దూకుతున్నాయి. ఇవాళ రెండు రెట్టల్లో ఎర్రగా కనిపించింది. వేడికీ దీనికీ సంబంధం ఉందా?

మందులపెట్టె | 24వ రోజు, ఉదయం 7:20

వేడికి సంబంధం లేదు, తడికి ఉంది. ఈ వయసులో రక్తం కలిసిన రెట్ట అంటే మొదట అనుమానించాల్సింది కాక్సిడియోసిస్, అంటే పేగులకి వచ్చే ఒక జబ్బు. తడి పొట్టులో దాని క్రిములు జబ్బు అంటించే దశకి చేరతాయి. ఇవాళే రెట్ట పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి, మందు నీళ్ళలో కలిపి ఇస్తారు, మోతాదు వాళ్ళే చెప్పాలి. ఈలోపు నీళ్ళ గిన్నె చుట్టూ పొట్టంతా ఎత్తేసి పొడిది వేయండి. గిన్నెని ఇటుక మీద పెడితే పొట్టు తడవడం సగం తగ్గుతుంది. నలతగా ఉన్న రెండింటినీ వేరుచేసి, వాటికి మాత్రం మళ్ళీ దీపం దించండి.

తొలిపెట్ట | 38వ రోజు, ఉదయం 7:00

మందు పనిచేసింది, ఆ రెండూ కోలుకున్నాయి. 21కి 21 ఉన్నాయి. వీపులు కూడా ఈకలతో నిండాయి. నాలుగు రోజులుగా పగలు దీపం లేదు, నిన్న రాత్రి కూడా తీసేశాను. పన్నెండింటికి, మూడింటికి లేచి చూశాను. గుట్ట లేదు, వరసగా పడుకున్నాయి. ఒకటి ఏకంగా ఖాళీ బల్బు హోల్డర్ మీదెక్కి నిద్రపోతోంది.

ఒంటిరెక్క | 38వ రోజు, ఉదయం 7:30

హోల్డర్ స్విచ్చి తీశారు కదా?

తొలిపెట్ట | 38వ రోజు, ఉదయం 7:33

ప్లగ్గే పీకేశానండి.

చెరువుగట్టు | 40వ రోజు, రాత్రి 10:15

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాకు రేపు బాతుపిల్లలు 12 వస్తున్నాయి. ఇవే లెక్కలు వాటికీ పనికొస్తాయా? పెట్టె, బల్బు అన్నీ సిద్ధం చేశాను.

ఊకసంచి | 40వ రోజు, రాత్రి 10:30

బాతులకి వేడి కొంచెం తక్కువ, 31, 32తో మొదలుపెట్టి కోళ్ళ కంటే త్వరగా తగ్గించొచ్చు. నీళ్ళు మాత్రం ఒలకబోసి అంతా బురద చేస్తాయి. తల మునిగేంత లోతు, ఒళ్ళు మునగనంత వెడల్పు ఉన్న గిన్నె పెట్టండి, కింద జాలీ వేయండి. మూలలున్న పెట్టె అయితే గుండ్రంగా అట్ట చుట్టండి. బల్బు ఏ రకం?

చెరువుగట్టు | 40వ రోజు, రాత్రి 10:34

12 వాట్లు, ఎల్‌ఈడీ. ఎందుకండీ?